మోకాళ్ల మనిషి

ఆగస్టు 3, ఆదివారం, మ. 2:00
పరువు పోయింది! కాదు, పెరిగింది. అదే భయం.
చర్చిలో ప్రభు భోజనానికి బలిపీఠం ముందు మోకరించాను. లేవబోతే మోకాళ్లు రామన్నాయి. అందరూ లేచి తమ చోట్లకి వెళ్లిపోయారు. నేను కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ఎలా లేవాలా అని ఆలోచిస్తున్నాను. పది నిమిషాలు! చివరికి మా ఆవిడ ఆశాజ్యోతి రెక్క పట్టుకుని లాగింది. నొప్పికి కళ్లమ్మట నీళ్లు.
మా పాస్టరు విజయ్ పాల్ అయ్యగారు మైకందుకున్నారు. "చూశారా అండీ, యెహెజ్కేలు గారి కన్నీటి ప్రార్థన! మోకాళ్ల మనిషంటే ఆయనండి! వచ్చే నెల మొదటి ఆదివారం ఆయనే మోకరించి ప్రార్థన నడిపిస్తారు."
కాదనబోయాను. సంఘమంతా ఆమెన్ అనేసింది.

ఆగస్టు 4, సోమవారం
తణుకులో డాక్టరు సారిక గారికి చూపించాను. "ముప్పై ఏళ్లు ఆఫీసు కుర్చీలోంచి కదల్లేదు కదండీ. కీలులో మెత్తటి పొర కాస్త అరిగింది. బరువు ఎక్కువ, కదలిక తక్కువ. అందుకే పట్టేస్తున్నాయి. ఆపరేషన్ అక్కర్లేదండి, కదలండి చాలు."
తీర్మానాలు:
ఉ. 5:30కి నడక.
కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టడం, రెండు పూటలా.
వేడి కాపడం.
88 కేజీల నుంచి 83కి.
కాజాలు బంద్!

ఆగస్టు 5
5:30కి లేచాను! కాలువ గట్టు దాకా నడిచాను! మోకాళ్లు ఎంత హాయిగా ఉన్నాయో!
"ఒక్క రోజుకేనా అండీ?" అంది జ్యోతి. కుళ్లు.

ఆగస్టు 9
వాన. హాల్లోనే పదకొండు రౌండ్లు. సరే, నాలుగు.

ఆగస్టు 12
వెనక వీధి వీరమ్మ గారొచ్చారు. డెబ్బై రెండేళ్లు. చేతిలో కాజాల పొట్లం.
"బాబూ, నీ ప్రార్థనకి బలముందంట కదా. నా మోకాళ్లు పట్టేస్తున్నాయి, కాస్త ప్రార్థన చెయ్యి నాయనా."
నా మోకాళ్లే నా మాట వినవు! పైకి అనలేదు. ప్రార్థన చేశాను. పెద్దావిడ తెచ్చింది తినకపోతే బాధపడుతుందని రెండు కాజాలు. మూడు.

ఆగస్టు 17
ప్రార్థన చేయించుకోడానికి ఆరుగురొచ్చారు. రోజంతా కుర్చీలోనే. దేవుని సేవలో ఉన్నవాడు నడకకి ఎప్పుడు వెళతాడు?
పకోడీలు, సున్నుండలు. తెచ్చింది వాళ్లే.

ఆగస్టు 23
అలారం మోగింది. పీక నొక్కాను.
బరువు 89న్నర. ఆ మిషను పాడైపోయింది.

సెప్టెంబరు 1
ఇంక ఆరు రోజులే! నిలబడి ప్రార్థన చేస్తానని అయ్యగారిని బతిమాలాను.
"మోకాళ్ల మనిషి నిలబడితే ఎలాగండి?" అన్నారు.

సెప్టెంబరు 6
నెల వ్యాయామం ఒక్క పూటలో చేసేశాను. మోకాలు వాచింది. కాపడం పెడుతూ జ్యోతి నవ్వుతోంది. నాకు ఏడుపొస్తోంది.

సెప్టెంబరు 7, ఆదివారం
మోకరించాను. నాతోపాటు సంఘమంతా మోకరించింది. ప్రార్థన చేశాను. ఆమెన్.
లేవలేకపోయాను.
మళ్లీ మొదలుపెట్టాను. దేశం కోసం, జిల్లా కోసం, వరి చేల కోసం, కొబ్బరి ధర కోసం. ఇంకేం మిగల్లేదు. పైగా అందరూ నమ్మకంగా కళ్లు మూసుకుని ఉన్నారు. సిగ్గేసింది. మైకులోనే చెప్పేశాను.
"క్షమించండి. పోయిన నెల నేను చేసింది ప్రార్థన కాదండీ. లేవలేక ఉండిపోయాను. ఇప్పుడూ అంతే."
పక్కనుంచి వీరమ్మ గారు, "హమ్మయ్య! నాకూ అంతే బాబూ. నువ్వు లేస్తే నిన్ను పట్టుకుని లేద్దామని చూస్తున్నా."
మగవాళ్ల వైపు నుంచి ఎవరో, "ఇక్కడ నలుగురమండీ!"
బలిపీఠం దగ్గర్నుంచి అయ్యగారి గొంతు సన్నగా, "అమ్మా ఆశాజ్యోతీ, ముందు నన్ను లేపమ్మా."
నవ్వీ నవ్వీ మళ్లీ కళ్లమ్మట నీళ్లు. ఈసారి నొప్పికి కాదు.

సెప్టెంబరు 8, సోమవారం
5:30కి లేచాను! చర్చి ఆవరణలో పంతొమ్మిది కుర్చీలు, పంతొమ్మిది మంది మోకాళ్ల మనుషులం! అయ్యగారితో సహా. లెక్కపెట్టేది నేనే. కాళ్లు చాపాం. ఒకటి, రెండు, మూడు...
ఏడు దగ్గర వీరమ్మ గారు కాజాల పొట్లం విప్పారు.
రేపట్నుంచి గట్టిగా చేస్తాం.