కూలబార్‌లో ఆగాం

తమ్ముడు కెల్విన్‌కి,

నిన్న నేనూ నాన్నా కారవాన్‌లో వెళ్తూ కూలబార్‌లో ఆగాం. నాన్నే ఆపమన్నాడు. అమ్మ పోయాక ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే మొదలు. చిన్నప్పుడు మన కారవాన్ ఇరుసు విరిగితే, అది బాగయ్యేదాకా మనం ఉండిపోయిన ఊరు, గుర్తుందా? యూకలిప్టస్ చెట్లు, గోధుమ గిడ్డంగులు, ఒకే ఒక్క బేకరీ. అమ్మ అక్కడ పిండి కలపడానికి వెళ్ళి, మనకి వేడి బన్నులు తెచ్చేది.

ఆ బేకరీ నడిపే బెరిల్ ఇంకా ఉంది. నాన్నని చూడగానే, "ఏమయ్యా, ఇన్నేళ్ళకి దారి దొరికిందా? నోరీన్ ఏది? బండి దిగదేం, అంత టెక్కా?" అంది.

నేను చెప్పబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జూలైలో, నడి చలికాలంలో పోయింది బెరిల్," అన్నాడు.

ఆ మాట ఆయన నోట నేను ఇంతవరకూ వినలేదు.

బెరిల్ ఆయన్ని కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. "ఓ రోజు పిండిలో ఉప్పు మర్చిపోయి ఊరందరికీ చప్పటి రొట్టె తినిపించింది మీ ఆవిడ. ఆమె మొహం చూసి ఒక్కడూ నోరెత్తలేదు, తెలుసా?" అంది.

నాన్న నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. సాయంత్రం దాకా ఇద్దరూ అమ్మ గురించే చెప్పుకున్నారు, మనకి తెలియనివి కూడా.

కారవాన్ అమ్మేద్దామని నువ్వంటే నేనూ సరేనన్నాను. ఇప్పుడు మనసొప్పడం లేదు. నాన్న ఇక్కడే కొన్నాళ్ళు ఉందామంటున్నాడు. పిల్లల్ని తీసుకుని రా. నువ్వొస్తే అమ్మ ముచ్చట్లన్నీ మొదటినుంచీ చెప్తాడట.

నీ అక్క