పదిహేడో పేజీలో ఎర్ర గీత

అమ్మకు,

నమస్కారాలు. నేను క్షేమంగానే ఉన్నాను. నువ్వూ క్షేమమని తలుస్తాను అనే ముక్క మాత్రం ఈసారి రాయను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. క్షేమంగా ఉన్న మనిషి రాసే ఉత్తరం కాదది. ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాలేమిటి అనుకోకు. ఫోన్‌లో నేను రెండు మాటలు గట్టిగా అనగానే "సరేలే, ఉంటా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కళ్ళజోడు కాడ అతికించుకున్నాను. వేళకే తింటున్నాను. గదిలో నాతో ఉండే పిల్లతో మాటలు లేవు. నా బల్ల మీద కరపత్రాలు చూసి "ఇవి చదివితే ఉద్యోగం వస్తుందా?" అంది. నేనేదో అన్నాను. ఏమన్నానో నీకు రాయను. అవును, కరపత్రాలు ఇంకా చదువుతూనే ఉన్నాను, బస్టాండు పక్కన బల్ల మీద అమ్మే ఆ ఎనిమిది పేజీల విప్లవం పుస్తకాలే. కిందటేడు సెలవుల్లో నువ్వు కట్టగట్టి పాత కాగితాలవాడికి వేసేసినవి కూడా మళ్ళీ సంపాదించాను. ఆ సంగతి నేను మరిచిపోలేదు.

"మీ కోర్సులో అసలేం చెప్తారే, ఎవరైనా అడిగితే నీళ్ళు నములుతున్నా" అన్నావు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, టెక్నాలజీ మేనేజ్‌మెంట్ అని చెప్పు. అంతకన్నా ఎవరూ అడగరు, భయపడతారు. అసలు సంగతి ఇది: మనుషులు చేసే పనిని పెట్టెలుగా గీస్తాం. పెట్టెకీ పెట్టెకీ మధ్య బాణాలు వేస్తాం. ఏ పెట్టె కొట్టేస్తే పని తొందరగా తెములుతుందో చూస్తాం. ఆ పాఠం చెప్పేవారిని మేం బాణాల మాస్టారంటాం. 'మార్పు నిర్వహణ' అని ఇంకో పేపరుంది. "కొత్త వ్యవస్థను ప్రతిఘటించు ఉద్యోగులు ఎన్ని రకములు?" అని పరీక్షలో ఇచ్చారు. "ఒకటే రకం. చెప్పాపెట్టకుండా కుర్చీ లాగేస్తే కోపం వచ్చే రకం" అని రాశాను. సున్నా వేశారు. నాకొచ్చిన మార్కుల్లో నేను ఒప్పుకునేది ఆ సున్నా ఒక్కటే.

ఇక నీ సంగతి. నాకు ఒళ్ళు మండిపోతోందమ్మా. మీ సూపరింటెండెంట్ మీద కాదు, ముందు నీ మీద. ఇరవై రెండేళ్ళు నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చున్నావు. ఒక్కో ఫిర్యాదూ ఒక చీటీ. ఆ చీటీ నీ బల్ల మీద ఇనప మేకుకి గుచ్చి ఉండేది. కుళాయివాడు వచ్చి "అయిపోయిందండీ" అంటే తీసేదానివి కాదు. సాయంత్రం ఆ ఇంటికి నువ్వే ఫోన్ చేసి, ఆ ఇంటావిడ నోటితో నీళ్ళు బాగున్నాయని చెబితేనే తీసేదానివి. లేదంటే మర్నాడు పొద్దున్న ఆ చీటీ అన్నిటికన్నా పైన ఉండేది. ఇది నీకెవరూ చెప్పిన పని కాదు.

నాలుగు నెలల క్రితం కంప్యూటర్ పద్ధతి పెట్టి, నిన్ను కవర్లు అంటించే గదికి తోసేశారు. అప్పుడూ "సరేలే" అన్నావు. ఇప్పుడు కుళాయివాడు తన ఫోన్‌లో మీట నొక్కితే చాలు, ఫిర్యాదు మూసుకుంటుంది. గిడ్డంగి వెనక వీధిలో పదకొండు రోజులు మురికినీళ్ళు వచ్చాయి. పందొమ్మిది ఫిర్యాదులు అలాగే మూసుకున్నాయి. ఆరుగురు పిల్లలు ఆసుపత్రిలో పడ్డారు. వాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చారని నువ్వు రాసిన ఒక్క వాక్యమే నన్ను ఈ వారం బతికించింది. ఫిర్యాదుల బల్ల కంప్యూటర్లో ఇంకా నీ నంబరు మీదే ఉందట, అందుకని ఆ పందొమ్మిదీ నువ్వే మూసినట్టట! అది నీ అజాగ్రత్తేనని సోమవారంలోగా సంతకం పెట్టాలట. బాబాయేమో "పెట్టెయ్ వదినా, రెండేళ్ళలో రిటైరవుతావు, గొడవెందుకు" అన్నాడట. బాబాయికి గొడవంటే భయం, నిజమన్నా భయమే. నువ్వు ఆయన మాట విని తలూపావు. ఇరవై రెండేళ్ళు కుళాయివాడి మాట నమ్మనిదానివి, వీళ్ళ కాగితాన్ని ఎలా నమ్మావే?

చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. "ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో మీ పుస్తకాల్లో ఉంటే చూసి చెప్పు" అని అడిగావు. ఇందాకటి నుంచీ దాని చుట్టూనే తిరుగుతున్నాను.

నేనే.

కిందటేడు మా ప్రాజెక్టుకి మాస్టారు ఒక ఆఫీసు వివరాలు ఇచ్చారు. ఊరూ పేరూ కొట్టేసి ఉన్నాయి. మనుషులకు అంకెలే. వర్కర్-1, వర్కర్-2. ఎవరో గడియారం పట్టుకుని నిలబడి రాసుకొచ్చారు. ఆరో కాగితంలో ఇలా ఉంది: "వర్కర్-4 సాయంత్రం ఇళ్ళకు ఫోన్ చేసి, 'గాజుగ్లాసులో పట్టి వెలుగులో చూడమ్మా, అడుగున ఏమైనా పేరుకుందా?' అని అడుగును. రోజుకు నలభై ఒక్క నిమిషాలు. విధుల జాబితాలో లేదు." చిన్నప్పుడు బడి వదలగానే వచ్చి నీ బల్ల పక్కన బెంచీ మీద కూర్చుని ఆ మాట ఎన్ని వందలసార్లు విన్నాను! నాకు తెలియలేదని అబద్ధమాడను. తెలిసింది.

అయినా గీశాను. మా రూలేమిటంటే, జాబితాలో లేని పని, దాని తర్వాత బాణం ఎక్కడికీ పోని పని, వృథా. నీ ఫోన్ పెట్టె నుంచి బాణం ఎక్కడికీ పోలేదు. చీటీ మళ్ళీ మేకు మీదికి వెళ్ళేదని ఆ గడియారం మనిషి రాసుకోలేదు. నాకు తెలుసు, నేనూ గియ్యలేదు. జనం పనిలో ఒక్క నిమిషం వృథా కాకూడదని కరపత్రంలో చదివాను. కన్నతల్లిని కూడా వదలని నిజాయితీ నాదని పొంగిపోయాను. ఇంకోటి కూడా ఉంది. అంతకు ముందు వారమే నువ్వు నా కరపత్రాలు అమ్మేశావు. ఎర్ర పెన్ను తీసి పదిహేడో పేజీలో నీ పెట్టె మీద అడ్డంగా గీత కొట్టాను. హాయిగా అనిపించింది. అది రాయడానికే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

మాస్టారు ఆ పేజీ మీద 'అద్భుతం' అని రాసి, పొట్టి సంతకం చేసి, మీ ఆఫీసుకి పంపారు. మీ వాళ్ళు దాన్నే అమలు చేశారు. మొన్న ఆయన గదికి వెళ్ళాను.

"మాస్టారూ, ఆ పెట్టె కొట్టెయ్యడం తప్పని ఆ ఆఫీసువాళ్ళకి రాయండి."

"గీత నీదే కదమ్మా. నేను మార్కులేశానంతే."

"అయితే నేనే రాస్తాను."

"ప్రాజెక్టు వివరాలు బయటపెట్టనని రాసిచ్చావు, గుర్తుందా? డిగ్రీ చేతికి రాదు."

"ఆరుగురు పిల్లలు సార్!"

"చూడు, ఆవేశం వేరు, సిస్టమ్ వేరు" అన్నాడు. కుర్చీ కాలితో తన్ని బయటికొచ్చాను. కుర్చీకి ఏం కాలేదు. నా బొటనవేలు వాచింది.

ఆ ప్రాజెక్టు మొత్తం, ముప్ఫై నాలుగు పేజీలు, ఈ కవర్లో పెడుతున్నాను. పదిహేడో పేజీ తీసి సూపరింటెండెంట్ ముందు పడెయ్. గిడ్డంగి వెనక వీధివాళ్ళకి కూడా ఒక ప్రతి పంపాను, కాబట్టి దాచడానికి కుదరదు. నా డిగ్రీ గురించి ఏడవకు. ఏడిస్తే నాకింకా కోపం వస్తుంది. ఆ మేకు ఎక్కడ పారేశారో వెతికించు.

ఇంకొక్క మాట. ఇంగ్లీషు అర్థం కాక, చదివి చెప్పమని ఆ సంతకం కాగితం అసలుదే నాకు పంపావు. చదివాను. తిప్పి పంపుతున్నాను. 'నా అజాగ్రత్త వలన' అని ఉన్న చోట నీ పేరు కొట్టేసి, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు రాశాను. కింద సంతకం చెయ్యడానికి నీకిక చోటు లేదు. నాది పెట్టేశాను.

నాకు మాత్రం "సరేలే" అని జవాబు రాయకు. ఒక్కసారైనా తిట్టు.

ఇట్లు,
వర్కర్-4 కూతురు,
నువ్వు అగ్గిపుల్ల అని పిలిచేది