మూడు కిటికీల పై వాటా

వీధిలో అందరూ మీటరు మేస్త్రీ అని పిలిచే నేను, వయసు డెబ్బై నాలుగు, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. బుర్ర మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది. దీన్ని అమలు చేసే బాధ్యత మా అమ్మాయిది.

1. ఆస్తి వివరం. నా స్వార్జితమైన ఇల్లు: కింద రెండు వాటాలు, ఒక వెనక గది, పైన ఒక వాటా. పెళ్ళైన మూడో ఏట కొన్నప్పుడు ఉన్నవి రెండు గదులే. గాలీ వెలుతురూ ఉన్న ముందు గది అద్దెకిచ్చి, మేం వెనక గదిలో సర్దుకున్నాం. ఇల్లు మనది, సుఖం వాళ్ళది అని మా ఆవిడ నవ్వేది. ఆ అద్దెతోనే ముందు గది వాటా అయింది, పక్కన ఇంకో వాటా లేచింది, ఆ తర్వాత మేడ. ఎంత బాగుండేవి ఆ రోజులు!

2. కింది రెండు వాటాలూ మా అమ్మాయికి. అద్దెలకివ్వడానికి ఓ ఇల్లు కొనాలనుంది, ఎక్కడ మొదలుపెట్టను నాన్నా అని పోయినేడు అడిగావు. జవాబు ఇదిగో. ఏ వాటా అయినా అద్దెకిచ్చే ముందు నెల్లాళ్ళు అందులో నువ్వు కాపురం ఉండు. తలుపు ఎక్కడ పట్టేస్తుందో, వానకి ఏ గోడ చెమ్మగిల్లుతుందో పది నిమిషాలు చూసిపోతే తెలియదు. మేం అలాగే చేశాం. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తిప్పుతున్నారని మీ అమ్మ దెప్పేది. నువ్వు తొలి అడుగు వేసింది కుడి వాటాలో, స్నానాల గదిలో నీళ్ళు పోవడం లేదని మేం కనిపెట్టిన వారంలోనే. ఇంకో మాట, వాటాకో కరెంటు మీటరు పెట్టించు. ఉమ్మడి మీటరంటే నెలనెలా తగువే.

3. వెనక గది మా అబ్బాయికి. ఇవన్నీ అమ్మేసి కాలు మీద కాలేసుకుని కూర్చోక ఈ తిప్పలెందుకని ఏటా వాదిస్తావు. ఆ గది గోడ మీద నువ్వు ఏడేళ్ళప్పుడు బొగ్గుతో గీసిన విమానం ఇంకా ఉంది. ఎన్నిసార్లు రంగులు వేయించినా ఆ మూల ముట్టుకోనివ్వలేదు. అమ్ముకుంటే అమ్ముకో, ముందు ఓసారి ఆ గోడ చూసి అమ్ముకో.

4. పక్కింటాయనకి, ప్రహరీ జరిపి కలుపుకున్న జానెడు స్థలం. ఇక అడగను. మర్చిపోయానని మాత్రం అనుకోవద్దు.

నా చెక్క నిచ్చెన ఎడమ వాటాలో ఉండే దర్జీకి రాద్దామనుకున్నాను. ఈ వీలునామాకి సాక్షి ఆయనే, సాక్షులకి ఏమీ రాయకూడదట. అందుకని నిన్ననే తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో పెట్టేశాను.

5. పై వాటా మా ఆవిడకి, నా తదనంతరం. ఎవరికీ అద్దెకివ్వకూడదు. దానికి మూడు కిటికీలు. మేం ఇప్పటికీ ఉంటున్న వెనక గదికి ఒక్కటే, తెరిస్తే పక్కింటి ప్రహరీ. మేడ కట్టాక మామూలుగానే నెల్లాళ్ళు పైన ఉన్నాం. రోజూ పొద్దున్నే తూర్పు కిటికీ దగ్గర కూర్చుని తల దువ్వుకునేది. ముప్ఫయ్యో రోజు కిందికి దిగాం. మనం ఇక్కడే ఉండిపోకూడదా అంది. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను. ఇరవై రెండేళ్ళుగా అదే అంటున్నాను.

పైవాళ్ళు ఖాళీ చేసినప్పుడల్లా చీపురు పట్టుకుని వెళ్ళేది, పూట దాటినా దిగేది కాదు. శుభ్రంగా కడుగుతోంది కాబోలు అనుకునేవాణ్ణి. ఓసారి పైకెళ్ళి చూశాను. ఊడ్చడం ఎప్పుడో అయిపోయింది, చీపురు గోడకి ఆనించి ఉంది. తను తూర్పు కిటికీలో కూర్చుని ఉంది. చప్పుడు చెయ్యకుండా దిగొచ్చేశాను. ఆ వారమే దాన్ని మళ్ళీ అద్దెకిచ్చాను. నా బతుకులో నేను సిగ్గుపడే పని అదొక్కటే.

6. ఇది తర్వాత కలిపింది. సంతకానికి పిలిస్తే దర్జీ గుడ్డ కొలిచినంత జాగ్రత్తగా ఇదంతా చదివాడు. "నిచ్చెన నిన్ననే ఇచ్చేశారు కదా మేస్త్రీగారూ, కిటికీ ఇవ్వాలంటే మాత్రం మీరు పోవాలా?" అన్నాడు. పైనున్న టీచరమ్మ మొన్ననే ఖాళీ చేసింది. కొత్తవాళ్ళకి ఇస్తానన్న మాట వెనక్కి తీసుకున్నాను. సోమవారం ఆ వాటా మా ఆవిడ పేర దస్తావేజు చేయిస్తున్నాను. కాబట్టి అయిదో అంశం రద్దు. పిల్లలు చదవాలని దాని మీద సన్నగీతే గీశాను.

రేపు పైకి మారుతున్నామని వంట చేస్తున్న మా ఆవిడకి చెప్పాను. పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే, "నెల్లాళ్ళకేనా?" అంది.

ఈసారి నెల లెక్క లేదని ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను.

తేదీ: ఈ నెల ఇరవై ఎనిమిది, శనివారం.

సంతకం: మీటరు మేస్త్రీ
చిరునామా: వెనక గది. రేపటి నుంచి, మా ఆవిడగారి పై వాటా.

సాక్షులు:
1. దర్జీ, ఎడమ వాటా
2. నాతో ముప్ఫయ్యేళ్ళు కలిసి పనిచేసిన ప్లంబరు