మెలకువగానే ఉంటాను

మెదక్,
20 ఆగస్టు 2025, బుధవారం

అత్తమ్మకు,

మీ కోడలు అంకిత మొక్కి రాస్తున్నది. నేను, కడుపులో బిడ్డ ఈ పూటకు బాగానే ఉన్నాం. దవాఖాన నుంచి అలిగి హవేలిఘనపూర్ వెళ్లినప్పటి నుంచి మీరు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం మీ కొడుకు శ్రీకాంత్ చేతికిచ్చి పంపుతున్నాను. చింపేస్తే చింపేయండి, చదివాక చింపండి.

రేపు పొద్దున ఆపరేషన్. నేను వెన్నులో సూదే వేయించుకుంటాను. మీరు అడిగిన పూర్తి మత్తుకు ఒప్పుకోను.

వెన్నుల సూది ఏస్తే జన్మంత నడుము పట్టుకొని తిరుగుతది, మంచిగ నిద్రపుచ్చి తియ్యుండ్రి అని వార్డంతా వినేలా అన్నారు. పక్క మంచం పద్మమ్మ మీకు వంత పాడింది. మీ ఇద్దరికీ భయపడి నోరు మూసుకున్నాననుకోకండి. డాక్టర్లను అడగాల్సినవి అడిగాకే మాట్లాడదామని ఊరుకున్నాను.

కడుపులో మాయకు రక్తం సరిగా అందకనే బిడ్డ ఎదగలేదని స్కానింగులో చెప్పారు కదా. సూదితో నా బీపీ ఒక్కసారిగా పడిపోతే ఆ కాస్త రక్తం కూడా తగ్గుతుంది. నా భయమంతా అదే. మత్తు డాక్టర్ గాబ్రియేలు గారిని పట్టుకొని అడిగాను. గందుకే మందు ఒక్కపారి ఇయ్యనమ్మా, సన్న గొట్టం పెట్టి జరంత జరంత ఇస్త, బీపీ చూస్కుంటనే ఉంట, పడితే లేపెతందుకు మందు చేతులనే ఉంటది అన్నారు. కడుపు బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కకుండా నన్ను ఎడమవైపు కాస్త ఒరిగించి పడుకోబెడతారట. అలా జాగ్రత్తగా చేస్తే మాయకు రక్తం నిలకడగా పోతుందని ఆయన నమ్మకం. ఆయన మాట మీద నాకూ నమ్మకం కుదిరింది. సూది గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉంటుందట. ఉండనీయండి, నడుము నాది.

బిడ్డ మొదటి ఏడుపు నేను వినాలి. ఎవరో విని నాకు చెప్పడం కాదు. మీరు నాతో మాట్లాడకపోయినా, పురుడుకు రాకపోయినా ఈ మాట మారదు. మొండిది అంటారు కదా, అనండి.

మీ మొండి కోడలు,
అంకిత

తా.క.: కవరు అంటిస్తుంటే మామయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. శ్రీకాంత్ కంటే ముందు మీకు ఒక ఆడబిడ్డ పుట్టి, పుట్టగానే చనిపోయిందట. మీరు మత్తులోంచి లేచేసరికే, తల్లి చూస్తే తట్టుకోలేదని పెద్దవాళ్లు పాపను పూడ్చిపెట్టి వచ్చారట. మీ అత్తకు నీ నడుము రంది కాదు బిడ్డా, ఏమన్న అయితే నువ్వు కండ్లార చూస్తవని భయం అని చెప్పి మామయ్య ఏడ్చారు.

అత్తమ్మా, చూడనందుకు మీకు బాధ తగ్గిందా? ఏది జరిగినా నా బిడ్డను నేను చూస్తాను. మీకు చూపించలేదు, నాకు చూపించి తీరాలి. నేను చూశాక బిడ్డను మీ చేతుల్లోనే పెట్టమని నర్సుకు చెప్పాను. పొద్దున్నే రండి.