బోటుకు జాలీ

అత్తమ్మా,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మీకిష్టమైనవన్నీ వండి పెట్టాం. ఆ తర్వాత మీ అబ్బాయి శామీర్‌పేట చెరువులో తను నడిపే పడవకు జాలీ కొట్టాడు.

గుర్తుందా? నేను గోదావరి వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకరోజు మీరన్నారు: "బోటుకు జాలీ లేదు బిడ్డా, గందుకే నేనెక్క."

నాకు జాలి అని వినబడింది. "అదేంటండీ, పాపం అది ఎవర్నీ ముంచలేదుగా!" అన్నాను.

మీరు పొట్ట పట్టుకుని నవ్వారు. నన్ను లాక్కెళ్లి కిటికీకి కొట్టిన దోమల వల చూపించారు. "జాలీ అంటే గిది! బోటుకు కొడ్తే నీడకు నీడ, సాటుకు సాటు. కట్ట మీదోళ్లంత మన దిక్కే జూస్తాంటె ఎట్ల కూసుంట?"

ఇవాళ ఆ ఆకుపచ్చ జాలీ బిగించీ బిగించగానే మన గల్లీ ఆడవాళ్లంతా ఎక్కేశారు. మీలాగే ఇన్నాళ్లూ ఎక్కనన్న మీ చెల్లెలు అందరికంటే ముందు కూర్చుని, "జల్దీ పోనియ్‌రా, మస్తుగున్నది!" అని మీ అబ్బాయిని తొందరపెట్టింది.

చోటు చాలక నేను కట్ట మీదే ఉండిపోయాను. పడవ కదిలింది. లోపల ఎవరెవరున్నారో తెలియడం లేదు, నవ్వులు మాత్రం వినబడుతున్నాయి. వాటిలో ఒకటి అచ్చం మీ నవ్వే. ఎంత చూసినా, లోపల మీరు లేరన్నది ఆ జాలీ నాకు కనబడనివ్వలేదు.

మన బోటుకు ఇప్పుడు జాలీ ఉందత్తమ్మా. జాలి కూడా.

మీ కోడలు