అభ్యంతరం లేదు

మోంటానా, జైలు నుంచి
ఏప్రిల్ 9

నా వెస్లీకి,

శనివారం నువ్వొచ్చి వెళ్ళాక రెండు రోజులు మనసు తేలిగ్గా ఉంది. ఈరోజు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. అప్పీలు కోర్టులో వాదనలు అయ్యాయని నా కొత్త లాయరు జూడిత్ ఫోను చేసింది. ముగ్గురు జడ్జీల్లో ఒకాయన మొదటే అడిగాడట: "జ్యూరీకి అలా చెబుతుంటే ఆవిడ లాయరు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడేం?"

ఏం చెబుతుంది పాపం! ఆర్లెన్ నీ పినతండ్రి కొడుకు. ఊళ్ళో ఇంకో లాయరు దగ్గరికి వెళితే మీవాళ్ళు నొచ్చుకుంటారని అతన్నే పెట్టుకున్నాం. ఆరోజు మన జడ్జిగారు జ్యూరీకి ఏం చెప్పాడు? ఇల్లు ఈమె పేరున ఉంది, గరాజు ఫ్రీజరులో దుప్పి మాంసం కింద మత్తుమందు దొరికింది, కాబట్టి అది ఈమెదేనని మీరు తేల్చవచ్చు అన్నాడు. అది అక్కడుందని ఈమెకు తెలిసి ఉండాలి అన్న ముక్క వదిలేశాడు. వదిలేసి, "ఏమన్నా అభ్యంతరమా, ఆర్లెన్?" అన్నాడు. "అబ్బే, ఏం లేదు జడ్జిగారూ" అన్నాడు మీవాడు. జడ్జీ అతనూ ఏటా కలిసి వేటకెళ్ళి ఒకే గుడారంలో పడుకునేవాళ్ళు మరి! ఆ గుడారంలో చోటు పోతుందని నా బతుకులో ఎనిమిదేళ్ళు ఈ జైలుకు ధారపోశాడు దద్దమ్మ. అప్పుడే అడ్డు చెప్పకపోతే పైకోర్టు మామూలుగా వినదట.

నువ్వొక్కడివే నాకు దిక్కు.

నీ కొరీన్

జూన్ 23

వెస్లీ,

గెలిచాను. అడ్డు చెప్పకపోయినా ఇంత పెద్ద తప్పును చూసీ చూడనట్టు వదలలేమని రాశారు. శిక్ష కొట్టేసి, మళ్ళీ విచారించమన్నారు. ఇదంతా నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

తెలియనిది చెబుతాను. కొత్త విచారణ కోసం జూడిత్ ఆర్లెన్ దగ్గర్నుంచి నా ఫైలు తెప్పించింది. అందులో జడ్జికి ఇవ్వడానికి అతను టైపు చేసుకున్న కాగితం ఉంది. మత్తుమందు అక్కడుందని ఆమెకు తెలుసని రుజువైతేనే శిక్ష వెయ్యాలి, ఈ మాట జ్యూరీకి చెప్పండి అని. దద్దమ్మ కాదన్నమాట. దాని మీద అడ్డంగా నీలం సిరాతో, "ఇది తీసెయ్యరా. దానికి తెలీదంటే మరెవరికి తెలుసని అడుగుతారు" అని రాసి ఉంది. ఆర్లెన్ దాన్ని చించి పారెయ్యలేదు. ఎప్పుడైనా తన మెడకు చుట్టుకుంటే చూపించుకోవడానికి కాబోలు.

నీ దస్తూరీ నాకు తెలియదా? ఇరవై ఏళ్ళుగా మాంసం పొట్లాల మీద తేదీలు వేసేది నువ్వే కదా. పద్నాలుగు నెలలు ప్రతి శనివారం వచ్చి, "ఆర్లెన్‌గాడు నీ కొంప ముంచాడే కొరీన్" అని నా ఎదుట కూర్చుని ఏడ్చావు. నేనే నిన్ను ఓదార్చాను.

అప్పట్లో "నువ్వు బోనెక్కకే, తికమక పెట్టేస్తారు" అన్నావు. విన్నాను. ఈసారి ఎక్కుతున్నాను. ఆ కాగితాన్ని జూడిత్ ఈ ఉదయమే ప్రాసిక్యూటరు చేతికిచ్చింది. నువ్వూ ఒక లాయరును చూసుకో. మీ చుట్టాల్లో మాత్రం వద్దు.

కొరీన్