పిల్లికీ కార్తీకమేనా

కార్తీకం, రెండో సోమవారం, రాత్రి

కోపానికి అక్షరాలు వంకరగా పడుతున్నాయి. శ్రావణం నుంచి ఏదో ఒక నోము పేరు చెప్పి అత్త మా పిల్లి సుక్కికి పెరుగన్నమే పెడుతోంది. ఈమధ్య సుక్కి గుమ్మాలకు గుద్దుకుంటోంది. ఇవాళ నరసన్నపేటలో పశువుల డాక్టరుకు చూపించాను.

"పిల్లికి అన్నం సాలదమ్మా. మాంసం, చేప అందకపోతే సూపు పోతాది. పిల్లి మేత కొంటే, ప్యాకెట్ మీద కంప్లీట్ అని ఉన్నదే కొను" అన్నారు.

కొట్లో ఆ మాటను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాకే కొన్నాను.

ఇంటికొస్తే అత్త ప్యాకెట్ మీద చేప బొమ్మ చూసింది. "కార్తీకంలో నా ఇంట్లో నీసేటే? పిల్లయితే మాత్రం, ఈ ఇంటి కూడే కదా తింతన్నాది" అని వీధిలోకి విసిరేసింది.

మా ఆయన అన్నం కలుపుకుంటూ, "అమ్మతో ఎవులు పడతారే, కార్తీకం పోయేదాకా ఆగు" అన్నాడు.

అప్పటికి దాని కళ్లు...

నాకు నోరు పెగల్లేదు. అత్త మీద కన్నా నా మీదే ఎక్కువ కోపంగా ఉంది. చీకటిపడ్డాక వెళ్లి ప్యాకెట్ తెచ్చుకున్నాను. గదిలో దాచి పెట్టను. రేపు అత్త దీపం పెట్టి లేచేసరికి వంటింట్లోనే గిన్నె పెడతాను. నాకు మాట రాకపోయినా, గిన్నెలో మేత గింజలు పడే చప్పుడు ఆవిడకు వినపడుతుంది.